చివరి కొలత

ఖరగ్‌పూరు రైల్వే కార్ఖానాలో ముప్పదియారేండ్లు చక్రపు లేతు ముందు నిలిచి, పదవీవిరమణానంతరము క్వార్టరు ఖాళీచేసి మలంచలో మూడుగదుల యిల్లు కట్టుకొన్న మా పొరుగింటి పెద్దాయనకును, ఆ యింటి గృహప్రవేశమునకై ఆమదాలవలసలో రైలెక్కి నాలుగుదినములు ముందుగనే విచ్చేసిన వారి వియ్యంకునకును నడుమ, ఒక సాయంకాలము టీ వేళ మొదలై రాత్రి వంటకములు చల్లారిపోవువరకు సాగిన వాదమును, సామానుల జాబితా వ్రాయుటకై పిలువబడిన నేను మొదటినుండి తుదివరకు వింటిని. వియ్యంకులవారు శ్రీకాకుళము జిల్లా పల్లెబడులలో సైన్సు చెప్పి తలనెరసిన మాష్టారు. వాదమునకు మూలము మిక్కిలి స్వల్పము: రెండువందల యేబదిమంది అతిథులకు టీ దేనిలో నియ్యవలెను, అన్నము దేనిలో వడ్డింపవలెను అనునదే. కాని ఆ ప్రశ్న కప్పునుండి విస్తరికి, విస్తరినుండి బండికి, బండినుండి బొగ్గునకు ప్రాకినది. ఇట్టి మాటలు ఇంటింట జరుగవలసినవి గాని జరుగుటలేదను బాధయే నాచేత దీనిని వ్రాయించుచున్నది.

పెద్దాయన తాతగారు బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున టెక్కలి ప్రాంతమునుండి ఇచ్చటికి వలసవచ్చినవారు. ఆ రైల్వే పేరు కాగితములపై మాసిపోయి ఏండ్లు గడచినను ఈ యూరి తెలుగువారి నోట నేటికిని అది బీయెన్నారే. మూడుతరములు ఈ ఎర్రమొరపు నేలపై గడచినను ఆ యింట వినవచ్చు తెలుగు ఉత్తరాంధ్ర తెలుగే.

మాష్టారు తమ సంచినుండి రెండు కట్టలు తీసి బల్లపై నుంచిరి. అవి కాగితపు కప్పులు. ఒక్కొక్కదానిపై పచ్చని ఆకు బొమ్మ, దానిక్రింద 'పర్యావరణహితము' అను అక్షరములు.

"బావగారూ, 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ కప్పులు, పళ్లేలు దేశమంతటా నిషేధించారు. ఆ నిషేధం రాకముందే మా యింట్లో వాటిని మానేశాం. ఇవి కాగితం, చెట్టునుంచి వచ్చాయి, మట్టిలో కలిసిపోతాయి. పైసా రెండు పైసలు ఎక్కువైనా మనస్సాక్షికి భారం లేని వస్తువు కొన్నామన్న తృప్తి ఉంటుంది కదా!"

పెద్దాయన మారుపలుకక లోనికి పోయి, నీరు నిండిన ఒక కంచుగిన్నెను జాగ్రత్తగా రెండుచేతులతో పట్టుకొనివచ్చెను. అందులో ముందునాటి రాత్రి గోల్‌బజారు టీకొట్టునుండి తెచ్చి నానవేసిన కాగితపు కప్పు మునిగియున్నది. ఆయన దానిని పైకి తీసి, బొటనవ్రేలితో మెల్లగా రాచుచుండగా, కాగితము నానిన పిండివలె ముద్దలు ముద్దలుగా జారి గిన్నెలో పడెను. పడగా పడగా, కప్పు పోయి కప్పు ఆకారము మాత్రము ఆయన అరచేత నిలిచెను. అది ఉల్లిపొరకన్న పలుచనిది, రంగులేనిది. దీపమునకు ఎదురుగ పట్టగా వెలుగు దానిగుండ సూటిగా వచ్చెను. అంచు పట్టుకొని లాగగా సాగెనే గాని చిరుగలేదు.

"ఇదీ బావగారూ, మీ ఆకుబొమ్మ వెనుక ఉన్నది! ఈ పొర లేకపోతే టీ పోసిన నిమిషానికి కప్పు కారిపోతుంది. కాగితానికీ ప్లాస్టిక్కుకూ పెళ్లిచేసి విడదీయరాకుండా అతికించారు గనుక, కాగితాలవాడూ దీన్ని కొనడు, ప్లాస్టిక్కులవాడూ కొనడు. పాత వార్తాపత్రికకు ఉన్న విలువ దీనికి లేదు. ఇంకొకటి వినండి. మన ఊళ్లోనే, హిజ్లీ పక్కన ఉన్న ఐ.ఐ.టి.లో సివిల్ ఇంజనీరింగు శాఖవారు 2020లో పరీక్షచేసి చూశారు. నూరు మిల్లీలీటర్ల వేడినీళ్లు ఇటువంటి కప్పులో పావుగంట ఉంచితే, కంటికి కనపడని ప్లాస్టిక్ కణాలు సుమారు ఇరవైఅయిదువేలు ఆ నీళ్లలోకి దిగాయట. రోజుకు మూడు టీలు తాగేవాడి లెక్క మీరే వేసుకోండి."

మాష్టారు లెక్క వేయలేదు. ఆ పొరను తమ చేతికి తీసుకొని, కండ్లజోడు నొసటిపైకి త్రోసి, చాలసేపు పరికించిరి. సైన్సు చెప్పినవారు కావున కంటికెదుట నున్న సాక్ష్యమును కాదనుట వారికి చేతకాలేదు. కాని ఓటమి నొప్పుకొనుటయు వారి స్వభావమున లేదు.

"సరే, కాగితం పోయింది. మట్టి ఉంది కదా! మీ బెంగాలీలు భాఁడ్ అంటారు, మేము ముంత అంటాం. 2004లో లాలూప్రసాద్ రైల్వేమంత్రిగా ఉన్నప్పుడు స్టేషన్లలో మట్టిముంతల్లోనే టీ ఇవ్వాలన్నారు. కుమ్మరికి అన్నం, భూమికి క్షేమం. తాగి నేలకేసి కొడితే మట్టి మట్టిలో కలిసింది."

"కలవదు బావగారూ. పచ్చిమట్టి నీళ్లలో కరుగుతుంది. కాలిన మట్టి మళ్లీ మట్టి కాదు. మీరే ఒకసారి చెప్పారు, వంశధార ఒడ్డున శాలిహుండం కొండమీదికి పిల్లల్ని తీసుకుపోయి, రెండువేల యేండ్లనాటి బౌద్ధుల కుండపెంకులు చూపించానని. అవి కరిగి ఉంటే మీరు చూపించేవారా? పైగా ముంతకు కావలసింది పొలంలోని బంకమన్ను, దాన్ని కాల్చడానికి కట్టెలో బొగ్గో కావాలి. అయిదు నిమిషాల టీకి అంత నిప్పా?"

ఇచ్చట మాష్టారు స్వరము మారెను. ఆ రాత్రి నేను విన్న మాటలలో నాకు మిక్కిలి నచ్చినవానిలో నిది యొకటి:

"శాలిహుండం పెంకుల మాట మీరే ఎత్తారు గనుక చెబుతున్నాను. అవి రెండువేల యేండ్లు ఆ నేలలో ఉన్నాయి. ఆ నేలమీద గడ్డి మొలిచింది, మేకలు మేశాయి, వాన కురిసి నీళ్లు వంశధారలోకి పోయాయి. ఏ మేక పొట్టలోనూ పెంకు ఇరుక్కోలేదు, ఏ చేప మొప్పల్లోనూ చేరలేదు. వస్తువు చిరకాలం ఉండటం దోషం కాదు బావగారూ. ఉండి ఏం చేస్తుందన్నది ప్రశ్న. మీ చేతిలో ఉన్న ఆ పొర కూడా చాలా కాలం ఉంటుంది. కాని పెంకులా ఒకచోట పడి ఉండదు. చీలి, చిన్నదై, మరీ చిన్నదై, నీళ్లలోకీ నెత్తురులోకీ దిగుతుంది. రెంటినీ ఒకే గాట కట్టకండి."

పెద్దాయన తలయూచెను. "ఆ మాట ఒప్పుకుంటాను," అనెను. ముంత విషయమున మాత్రము నిప్పు ఖర్చు సంగతి తన మనస్సునుండి పోలేదని ముఖమే చెప్పుచుండెను.

కప్పు తేలకయే విస్తరి వచ్చిపడినది. మాష్టారు శ్రీకాకుళపు మన్యమునుండి వచ్చు అడ్డాకు విస్తళ్లను పొగడిరి. ఇచ్చట అడ్డాకునకు బదులు సాల్ ఆకు, అనగా మనము గుగ్గిలమను చెట్టు ఆకు, దొరకును. మేదినీపూరు అడవులలో ఆడువారు తెల్లవారుజామున పోయి ఆకు కోసుకొనివచ్చి, సన్నని పుల్లలతో కుట్టి, ఎండబెట్టి, కట్టలుగట్టి బజారునకు తెత్తురు. పెద్దాయన దీనియందును లోపము చూపెను: ఇటీవల యంత్రముతో ఒత్తిన ఆకుపళ్లెములలో, కొన్నింట, రెండాకుల నడుమ పలుచని ప్లాస్టిక్ కాగితము దూర్చుచున్నారనియు, పైన ఆకు చూచి మురిసినవారికి లోపలి సంగతి తెలియదనియు.

"అయితే పుల్లలతో కుట్టినదే కొందాం," అని మాష్టారు వెంటనే యందుకొనిరి. "ఇక్కడ కొనేవాడి చూపుకు విలువ లేదంటారా? మేదినీపూరుకు ఉత్తరాన ఆరాబరీ అడవి సంగతి మీకు నేను చెప్పాలా! 1970ల మొదట్లో మొదళ్లే తప్ప చెట్లు లేని అడవి అది. అటవీ అధికారి అజిత్ కుమార్ బెనర్జీ పదకొండు ఊళ్లవారిని కూర్చోబెట్టి, మీరు కాపాడండి, కలప కోసిననాడు నూటికి ఇరవైఅయిదు పాళ్లు మీవే అన్నాడు. పన్నెండువందల హెక్టార్లకు పైబడిన అడవి మళ్లీ లేచి నిలబడింది. ఆ నమూనానే తర్వాత దేశమంతా తీసుకుంది. ఎందుకు లేచింది? ఆకూ, పుట్టగొడుగూ, విత్తనమూ అమ్ముకుంటే ఇంట్లో పొయ్యి వెలుగుతుందన్న నమ్మకం కలిగింది గనుక. ఆ ఆకుకు కొనేవాడు లేకపోతే ఆ అడవికి కాపలావాడూ ఉండడు. మీరు గృహప్రవేశానికి కొనే అయిదు కట్టల విస్తళ్లూ ఆ కాపలాలో ఒక పాలు."

దీనికి పెద్దాయన యొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. నన్ను చూచి, "రాయి బాబూ, కుట్టిన విస్తళ్లు, రెండువందల యెనభై," అనెను. జాబితాలో వ్రాయబడిన మొదటి వస్తువు అది.

అటుపిమ్మట పెద్దాయన తన వాదమును అసలు స్థానమునుండి ఎత్తుకొనెను. అది ఆయన వృత్తినుండి పుట్టినది. పుస్తకమున చదివినది కాదు.

"బావగారూ, నేను చేసిన పని ఏమిటో మీకు ఎప్పుడూ సరిగా చెప్పలేదు. పెట్టెకింది చక్రం కొత్తగా వచ్చినప్పుడు దాని అడ్డుకొలత 915 మిల్లీమీటర్లు. పట్టాలమీద తిరిగి తిరిగి అంచు అరుగుతుంది, బ్రేకు పడ్డచోట చదునవుతుంది. షాపుకు వస్తే లేతుమీద ఎక్కించి, ఎంత అవసరమో అంతే చెక్కి, మళ్లీ గుండ్రం చేసి పంపుతాం. ఇంకోసారి వస్తుంది, ఇంకోసారి చెక్కుతాం. 825 దగ్గరికి వచ్చిందా, కండెమ్. ఇక ఒక్క రోజు కూడా నడవడానికి వీల్లేదు. కరిగింపుకు పోతుంది, మళ్లీ ఉక్కు అవుతుంది. కొత్త టర్నరు మోజుకొద్దీ ఎక్కువ చెక్కాడనుకోండి, చక్రం తళతళ మెరుస్తుంది. కాని దాని ఆయుస్సులో ఒక సంవత్సరం ఇనుపరజనై నేలమీద పడ్డట్టే. మా మేస్త్రీ ఆ రజను గుప్పిట పట్టి మాకు చూపించి తిట్టేవాడు. ముప్ఫైయారేండ్లు నేను నేర్చుకున్నది అదే. ప్రతి వస్తువుకూ మొదటి కొలత ఉన్నట్టే చివరి కొలత ఉండాలి; అక్కడికి చేరాక ఎక్కడికి పోవాలో ముందే రాసి ఉండాలి. మీ పచ్చ కప్పుకు మొదటి రోజే చివరి రోజు, ఎక్కడికి పోవాలో ఎవడూ రాయలేదు."

ఈ మాటలు పలుకునప్పుడు ఆయన చూపుడువ్రేలును బొటనవ్రేలును చేర్చి, వాని నడుమ కేశమంత సందు చూపుచుండెను. ఆ సందు లేతుపై ఒక్క కోత. ఆ చేతిగోళ్ల అంచులలో ఏ సబ్బును వదలింపలేని ఇనుపమరక యింకను కలదు.

మాష్టారు మృదువుగనే యనిరి: "మీ కార్ఖానాలో రాసినవాడు ఉన్నాడు, తనిఖీ చేసేవాడు ఉన్నాడు. బజారులో నాకు ఎవరున్నారు? నా చేతిలో ఉన్న అధికారం ఒక్కటే, ఇది కొంటాను, అది కొనను అనడం. అదికూడా వ్యర్థమంటే మనిషి చేతులు ముడుచుకు కూర్చోవాలి."

"వ్యర్థం అనలేదు, ఒంటరిది అంటున్నాను. 1927లో ఈ కార్ఖానా రెండుసార్లు సమ్మెకట్టింది. బరంపురంనుంచి వచ్చిన వి.వి.గిరిగారు, తర్వాత రాష్ట్రపతి అయిన ఆయనే, ఆనాడు బీయెన్నార్ కార్మికసంఘం నాయకుల్లో ఒకరు. మా తాత ఆ గుంపులో కూర్చున్నాడు. ఒక్క మనిషి పనిలోకి పోకపోతే వాడి జీతం పోతుంది, అంతే. వేలమంది పోకపోతే మాట వినపడుతుంది. కొనడంలోనూ అంతే. మీరు ఒక్కరు ఆకుబొమ్మ చూసి కొంటే అచ్చువాడు ఇంకో ఆకు అచ్చువేస్తాడు. అమ్మినవాడే పాతది తిరిగి తీసుకోవాలన్న నియమం ఉంటే, ఆ బొమ్మతో పనే ఉండదు."

ఇచ్చట బండి ప్రసక్తి వచ్చెను. పెద్దాయన కుమారుడు, అనగా మాష్టారి అల్లుడు, స్కూటరు కొనదలచి పెట్రోలుదా, కరెంటుదా యను సంశయములో నుండెను. పెట్రోలునందు నూటికి ఇరువదిపాళ్లు ఇథనాలు కలుపుటను, 2030కి ననుకొన్నదానిని 2025కే సాధించుటను మాష్టారు ప్రస్తావించిరే గాని, ఆ ఇంధనమును తామే పూర్తిగా మెచ్చుకొనలేకపోయిరి. కిలో బియ్యము పులియబెట్టినచో అరలీటరునకు తక్కువ సారము వచ్చును, అది స్కూటరుపై ఒక జాములో కరగిపోవును, వరిచేల నడుమ పుట్టినవానికి ఆ లెక్క మింగుడుపడదని తామే యనిరి. కావున కరెంటుబండియే మేలనిరి.

పెద్దాయన కిటికీవైపు చేయిచాచెను. "మొన్న కాళీఘట్టం పోతూ చూశారు కదా, రూప్‌నారాయణ వంతెన దగ్గర కోలాఘాట్ థర్మల్ స్టేషను! 210 మెగావాట్ల యూనిట్లు ఆరు కట్టారక్కడ. అన్నీ బొగ్గే. ఆ బూడిద తమలపాకు తోటలమీదా, పూలతోటలమీదా పడుతుందని అక్కడి రైతులు ఎన్నేండ్లనుంచి మొత్తుకుంటున్నారో! మీ స్కూటరుకు పొగగొట్టం లేదనకండి; ఉంది, సుమారు ఇరవైకోసుల అవతల ఉంది. ఊరినిండా తిరిగే టోటో రిక్షాలనే తీసుకోండి, వాటి బ్యాటరీల్లో సీసం. చచ్చిన బ్యాటరీని దొంగచాటున పగలగొట్టి పెరట్లో కరిగించేవాడి పిల్లల రక్తంలోకి చేరుతుంది ఆ సీసం."

అప్పుడు మాష్టారు లేచి నిలిచిరి. నా మనస్సులో నేటికిని ఆ దృశ్యము చెదరలేదు.

"బావగారూ, మీ అమ్మగారి కళ్ల సంగతి మీరే ఒకనాడు నాతో చెప్పారు. ఇంజన్లు బూడిద దులిపే గోతుల దగ్గర సగం కాలిన బొగ్గు ఏరుకొచ్చి, బొగ్గుపొడిలో పేడా, బంకమన్నూ కలిపి గుల్ ఉండలు చేసి, గోడవార ఎండబెట్టి, ఆ పొయ్యిమీద తొమ్మిదిమందికి వండిపెట్టింది. ఆ పొగకు నలభైయేండ్లకే చూపు మందగించింది. గ్యాసు వచ్చిననాడు, ఇదికూడా భూమిలోంచి తవ్విందే, దీనికీ దోషముంది అని మీరు వద్దన్నారా? అనలేదు. అనకూడదు. మంచిది రావడానికి ముందు కాస్త మేలైనది వస్తుంది; దాన్ని కాదంటే మిగిలేది పాత పొగే. ఇక మీ బీయెన్నార్ గ్యారెట్ ఇంజను, మాంచెస్టరునుంచి వచ్చింది, 811 నంబరుది, మీరంతా ముద్దుగా బాగుచేసి నడిపారే, అది తిన్న బొగ్గులో పదోవంతు శక్తికూడా చక్రానికి చేర్చేది కాదు, మిగిలిందంతా ఆకాశానికే. కోలాఘాట్ అదే బొగ్గునుంచి మూడోవంతు రాబడుతుంది. పైగా రేపు తీగచివర బొగ్గు పోయి ఎండ వస్తే, స్కూటరు మార్చనక్కరలేకుండానే స్కూటరు బాగుపడుతుంది. పెట్రోలుబండికి ఆ భాగ్యం లేదు."

పెద్దాయన చాలసేపు మౌనము వహించెను. తల్లి పేరు వచ్చుటచేతనో, లెక్క సరియగుటచేతనో చెప్పలేను. తుదకు, "కరెంటుదే కొననీండి," అనెను. "కాని షరతు ఒకటి. బ్యాటరీ చచ్చాక తయారుచేసినవాడే తీసుకోవాలని 2022లో నిబంధన వచ్చింది. ఆ పాతది ఎక్కడ అప్పగించాలో, ఎంత ఇస్తారో కొన్ననాడే కొట్టువాడిచేత కాగితంమీద రాయించాలి. రాయనివాడి దగ్గర కొనవద్దు." మాష్టారు వెంటనే అంగీకరించిరి. నాకు తోచినంతవరకు బండి విషయమున మాష్టారిదియు, బ్యాటరీ విషయమున పెద్దాయనదియు సరియైన మాట. ఒకదానిని వదలి రెండవదానిని పట్టుకొనువారే మనలో పెక్కుమంది.

టీ ప్రశ్న మాత్రము అట్లే నిలిచియున్నది. పెద్దాయన తన మనస్సులోని మాట బయటపెట్టెను: గోల్‌బజారు డెకరేటరు వద్ద స్టీలు గ్లాసులు అద్దెకు దొరకును, రెండువందల యేబది తెచ్చి, కడిగి, మరల నిచ్చివేయుట, అందు పారవేయవలసిన దేదియు లేదు. వియ్యంకు లిరువురును తొలిసారిగ ఏకాభిప్రాయమునకు వచ్చి సంతసించుచుండగా, వంటింటి గడపపై నింతసేపు నిలిచి వినుచున్న పెద్దాయన భార్య లోనికి వచ్చెను.

"అన్నయ్యగారూ, మీరిద్దరూ సాయంత్రంనుంచి కప్పు ఎక్కడికి పోతుంది, బ్యాటరీ ఎక్కడికి పోతుంది అని వాదించుకున్నారు. ఎంగిలి గ్లాసులు ఎక్కడికి పోతాయో ఒక్కరూ అడగలేదు. నా ముందుకు పోతాయి. కుళాయి పొద్దున్న వస్తుంది, సాయంత్రం వస్తుంది. నడిమధ్య తొట్టి నీళ్లే. రెండువందల యాభై గ్లాసులు, రెండుసార్లు టీ. ఈ నడుంతో నేను కూర్చుని తోమాలా, లేక మీ కూతురు తోమాలా?"

గదిలో నిశ్శబ్దము. ఇన్ని కొలతలు తెలిసిన యిరువురకును ఈ కొలత తెలియలేదు. ప్లాస్టిక్ కప్పులు మన యిండ్లలోనికి ఏల అంత సులభముగ ప్రవేశించెనో, ఎవరి నడుము నొప్పికి అవి మందుగ వచ్చెనో, ఆ నిమిషమున నాకు స్పష్టముగ తెలిసినది.

"చెల్లెమ్మా, తప్పు మాదే," అని మాష్టారు పలికిరి. "తోమడం మా వంతు."

"మాట కాదు అన్నయ్యగారూ, జాబితాలో రాయించండి."

నేను కలము తీసికొంటిని. స్టీలు గ్లాసులు, రెండువందల యేబది, అద్దె, పెద్ద ఇత్తడి గంగాళములు రెండు, కొబ్బరిపీచు, చింతపండు కిలో. దాని క్రింది పంక్తిలో తోముటకు అని వ్రాసి, దాని కెదురుగ పెద్దాయన పేరును మాష్టారి పేరును చేర్చితిని. ఆమె కాగితము నందుకొని దీపము దగ్గర చదివి, కొంగున ముడివైచుకొనెను. "కడిగిన నీళ్లు మురికికాలవలోకి కాదు, పెరట్లో అరటిమొక్కల దగ్గరికి పోనియ్యండి," అని చెప్పి, చల్లారిన పప్పును వేడిచేయుటకై లోనికి వెడలెను.